రక్తం మళ్ళీ ఎందుకు పంపమన్నారు?

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ ఆవు ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, మాయ కూడా పడలేదు. ఊళ్ళో డాక్టరుగారి రోజ్ బెంగాల్ పరీక్షలో బ్రూసెల్లా (చూడి పోయేలా చేసే అంటురోగం) పాజిటివ్ వచ్చింది. ఖాయం చేసుకుందామని రక్తం బెంగళూరు ల్యాబుకు పంపితే, పది రోజుల తర్వాత శాంపిల్ పనికిరాదు, మళ్ళీ పంపమన్నారు. ఊళ్ళో నాలుగు నిమిషాల్లో తేలిన దానికి అక్కడ ఇన్ని రోజులెందుకు?
– పాడి రైతు, హోసకోటె

జవాబు: చూడి పోయిన ఇంట్లో పది రోజులు ఎదురుచూడటం ఎంత టెన్షనో తెలుసు. రోజ్ బెంగాల్‌లో ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు ద్రవం), ఒక చుక్క యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా క్రిములు) కలిపితే చాలు. కానీ బ్రూసెల్లా రాకుండా వేసే ఎస్‌19 టీకా వేసిన ఆవులోనూ అది పాజిటివ్ చూపవచ్చు. అందుకే కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్షకు పంపుతారు.

ఇందులో యాంటిజెన్‌తో పాటు గినీపిగ్ సీరం నుంచి కాంప్లిమెంట్ (కణాలను పగలగొట్టే రక్త ప్రోటీన్లు), గొర్రె ఎర్ర రక్తకణాలు, వాటిని పగలగొట్టడానికి కుందేలులో తయారైన హీమోలైసిన్ కావాలి. ల్యాబులో మేం గొర్రె రక్తాన్ని, గడ్డకట్టనివ్వని ఆల్సీవర్ ద్రావణంలో పట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాం, వాడే రోజు బఫరుతో మూడుసార్లు కడుగుతాం. చివరి కడుగు నీళ్ళు కూడా ఎర్రగా ఉంటే ఆ కణాలను పారబోయాల్సిందే.

అన్నిటికన్నా సుకుమారం కాంప్లిమెంట్. 56 డిగ్రీల్లో అరగంట ఉంచితే దాని శక్తి పోతుంది, బయట పెట్టినా తగ్గుతూనే ఉంటుంది. అందుకే మంచులో ఉంచి, పరీక్ష చేసే ప్రతిసారీ దాని బలం కొలుస్తాం. ఎక్కువ పోస్తే రోగమున్న ఆవు తప్పించుకుంటుంది. తక్కువైతే మంచి ఆవు మీద నింద పడుతుంది. ఈ కొలతలో తొందరపడిన ల్యాబు ఫలితాన్ని నేనైతే నమ్మను.

సీరంలో బ్రూసెల్లా యాంటీబాడీలు (ఆ క్రిమికి ఎదురుగా ఒంట్లో పుట్టేవి) ఉంటే అవి యాంటిజెన్‌తో కలిసి కాంప్లిమెంట్‌ను వాడేసుకుంటాయి. గొర్రె కణాలు పగలకుండా అడుగున బొత్తాంలా పేరుకుంటాయి. అది పాజిటివ్. యాంటీబాడీలు లేకపోతే కణాలు పగిలి ద్రావణమంతా ఎర్రబడుతుంది. అయితే చెడిపోయిన సీరం, యాంటిజెన్ లేకపోయినా, కాంప్లిమెంట్‌ను తినేస్తుంది. అప్పుడు ఏ మాటా చెప్పలేం. మీ శాంపిల్ విషయంలోనూ ఇదే జరిగి ఉండవచ్చు.

ఈసారి డాక్టరుగారిని ఎర్రమూత ట్యూబులో రక్తం తీయమనండి. ఊదారంగు మూత ట్యూబు వద్దు. అందులోని ఈడీటీఏ (గడ్డకట్టకుండా వేసే రసాయనం) కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకుండా కాంప్లిమెంట్ పనిచేయదు. ట్యూబును నీడలో ఏటవాలుగా పెట్టి, గడ్డకట్టేదాకా కదపవద్దు. గడ్డతో సహా ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలిపోతాయి. సీరం వేరుచేయించి ఐస్ బాక్సులో పంపండి. చొక్కా జేబులో పెట్టుకుని బైకు మీద తీసుకురావద్దు. ఈసుకుపోయిన తేదీ, పెయ్యగా ఉన్నప్పుడు టీకా వేయించారా లేదా అన్నది చీటీలో రాయండి. ఈసుకుపోయిన కొత్తలో యాంటీబాడీలు ఇంకా పెరగకపోవచ్చు కాబట్టి, రెండు మూడు వారాలకు ఇంకోసారి రక్తం తీయించండి.

ఫలితం వచ్చేదాకా ఆ ఆవును వేరుగా కట్టండి. మాయను వట్టి చేతులతో లాగవద్దు, బ్రూసెల్లా మనిషికీ అంటుకునే రోగం. పడిపోయిన పిండాన్ని, మాయను సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. ఇంట్లో పిల్లలకు పచ్చిపాలు ఇవ్వకండి, బాగా కాచే వాడండి.