చీలమండలో గుజ్జు, ఎముక దెబ్బతింటే ఆపరేషన్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. కానీ డాక్టర్ని అడగాల్సినవి అడిగాక, మీ ఇంటిని కూడా ఒకసారి చూసుకుని అప్పుడు తేదీ ఖాయం చేసుకోండి. మాది విజయనగరం. మా తమ్ముడికి ఇదే ఆపరేషన్ అయింది, దగ్గరుండి చూసుకున్నది నేనే.

వాడు ఆర్మీ సెలక్షన్ కోసం తెల్లారగట్ల రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసేవాడు. మన వైపు ఏ రోడ్డు చూసినా ఆ వేళకి కుర్రాళ్లు గుంపులుగా పరిగెడుతుంటారు, ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు నెగ్గాలి కదా. తారు అంచు తెగిపోయి పక్కన జానెడు పల్లం. ఆ అంచు మీద అడుగు పడి చీలమండ మడతపడింది. ఎక్స్‌రే తీసి, విరగలేదు, బెణుకే అన్నారు. ఇంట్లో నూనె రాసి తోమడాలు, లాగడాలు అన్నీ అయ్యాయి. వాపు తగ్గింది గానీ లోపలి నొప్పి నెలలు గడిచినా పోలేదు. చివరికి విశాఖపట్నంలో ఎమ్మారై తీస్తే అసలు సంగతి బయటపడింది. చీలమండ కీలులో ఉండే టాలస్ అనే ఎముక మీది గుజ్జూ, దాని కింది ఎముకా రెండూ దెబ్బతిన్నాయి. ఇలాంటివి మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడవు. కుర్రాడు నెలల తరబడి కుంటుతూ వస్తుంటే పాత ఎక్స్‌రేనే చూసి "ఏమీ లేదు" అని పంపేసేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీరు డాక్టర్ని అడగాల్సింది దెబ్బ సైజు. గుజ్జుకి రక్తనాళాలు ఉండవు కాబట్టి అది తనంతట తాను పూడుకోవడం కష్టం. దెబ్బ చిన్నదైతే, అంటే 10 మిల్లీమీటర్ల లోపు అయితే, చీలమండ ముందు రెండు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ పాడైన గుజ్జు గీకేస్తారు. కింది ఎముకకి సన్నటి చిల్లులు పెడతారు. ఆ చిల్లుల్లోంచి మూలుగ రక్తం ఊరి, గడ్డకట్టి, మెల్లగా కొత్త పొరగా మారుతుంది. అది పాత గుజ్జంత గట్టిది కాదు, పీచు గుజ్జు. 15 మిల్లీమీటర్లు దాటినా, అడుగున నీటితిత్తి పెద్దదైనా లెక్క మారుతుంది. మోకాల్లో బరువు పడని చోటు నుంచి గుజ్జుతో సహా ఎముక ముక్క తీసి ఇక్కడ దిగ్గొట్టడం లాంటివి చెబుతారు. దానికోసం ఒక్కోసారి లోపలి చీలమండ ఎముకని కోసి, పని అయ్యాక మళ్లీ స్క్రూలతో బిగిస్తారు.

మా వాడిది మొదటి రకం. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపొద్దన్నారు. ఆ ఆరు వారాల మధ్యలోనే మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ, సిరిమానోత్సవం వచ్చింది.

దసరా తర్వాతి మంగళవారం మా ఇల్లు ఎలా ఉంటుందో విజయనగరం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఊళ్ల నుంచి చుట్టాలు, వాకిలి నిండా చెప్పులు, నీళ్లు ఒలికిన నేల. అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి మా ఇంటికి నడిచిపోయే దూరమే. పుట్టాక ఒక్క ఏడాదీ మానని వాడు చంక కర్రలు పట్టుకుని లేచాడు. "అప్పా, ఒక్క అరగంట. ఎవరి మీదైనా ఆనుకుని నిలబడతాను" అన్నాడు. మామ్మ వాడి తరఫే. "అమ్మోరు సూసుకుంటాదే, ఒక్కపాలి కాలు మోపితే ఏటయిపోతాది, గుంటడ్ని ఎల్లనీ" అంది. బావలు బండి కూడా తీశారు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. పూజారిని కొసన కూర్చోబెట్టిన పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరిగేదాకా జనం ఎలా తోసుకుంటారో నాకు తెలుసు. అరటిపళ్లు విసిరే ఆ తోపులాటలో చంక కర్ర జారితే మొత్తం బరువు ఆ పాదం మీదే పడుతుంది, లోపలున్నది ఇంకా లేత పొర. వాడు ఏడ్చాడు, నన్ను తిట్టాడు. రాత్రి దాకా మామ్మ నాతో మాట్లాడలేదు. ఇప్పుడైనా అలాగే కూర్చుంటాను.

చిన్న దెబ్బలకి కొందరు సర్జన్లు ముందే మెల్లగా బరువు వేయనిస్తారు. అది మీ డాక్టర్ చెప్పాలి, మీ మామ్మ కాదు. బరువు వేయకుండా పాదాన్ని పైకీ కిందకీ ఆడించడం మాత్రం చెప్పిన రోజు నుంచి మానొద్దు, లేకపోతే కీలు బిగుసుకుపోతుంది.

ఇక ఇల్లు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే కుర్చీ కమోడ్ ముందే తెచ్చిపెట్టుకోండి. ఒంటికాలి మీద గొంతుక్కూర్చోవడం ఎవరి వల్లా కాదు. మేడ మీద పడక వద్దు. పగలు దగ్గర ఎవరుంటారో ముందే తేల్చుకోండి. ఆపరేషన్ ఖర్చు ఎంతని అందరూ అడుగుతారు, నెలన్నర పాటు ఇంట్లో ఒక మనిషి పని మానుకోవాలని ఎవరూ లెక్కెయ్యరు. మా ఇంట్లో ఆ మనిషిని నేనే.

తమ్ముడికి ఆర్మీ వయసు దాటిపోయింది. పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తున్నాడు, షిఫ్టంతా నిలబడే పని. చలికాలం పొద్దున్న కాస్త పట్టేసినట్టుంటుంది అంటాడు, అంతే.

మీ ఎమ్మారై రిపోర్టులో దెబ్బ ఎన్ని మిల్లీమీటర్లని రాశారో, అడుగున తిత్తి ఉందో లేదో చూసి ఇక్కడ పెట్టండి. డాక్టర్ దగ్గర ఏమేం అడగాలో నాకు తెలిసినంత రాస్తాను.