పెడిక్యూర్ నేర్చుకోవడానికి మూడు రోజుల కోర్సు సరిపోతుందా? తిరుపతిలో నేర్చుకోవాలంటే ఏం చూసి చేరాలి?

డిగ్రీ అయిపోయిందని, చిత్తూరులో ఇంటి ముందు గదిలోనే చిన్న పార్లర్ పెట్టుకోవాలని ఉందని రాశారు. 2022లో జిల్లాలు విడదీసే దాకా మీరూ మేమూ ఒకే జిల్లా వాళ్లం కదా, ఆ చనువుతో చెబుతున్నాను. పెడిక్యూర్ చెయ్యడం నేర్చుకోవడానికి పది రోజులు చాలు. ఎవరికి చెయ్యకూడదో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. అది కూడా ఒక అవ్వ కాలు కాల్చిన తర్వాత.

2014లో తిరుపతిలో ఒక పార్లర్‌లో పని నేర్చుకోవడానికి చేరాను. పన్నెండు వేలు కట్టి, ఆ పైన షాపు ఊడ్చి, టవళ్లు ఉతికి నేర్చుకున్న విద్య ఇది. ఓనరక్క ఐబ్రోస్ తీస్తే చూడముచ్చటగా ఉండేది. పెడిక్యూర్ మాత్రం ఆమెకూ ఎవరూ సరిగ్గా నేర్పినట్టు లేదు. టబ్బులో వేడినీళ్లు, షాంపూ, గుప్పెడు ఉప్పు, అర నిమ్మచెక్క. ఇరవై నిమిషాలు నానబెట్టు, గీకు, గోళ్లు తియ్యి, క్రీము రాయి, అయిపోయింది. నాకు ఒక్క పూటలో వచ్చేసింది. వచ్చేసిందనే అనుకున్నాను.

పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెల), శనివారం. ఆ నెలలో తిరుపతి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పెళ్లికూతురు పార్లర్ బుక్ చేసుకోవడానికి వచ్చింది, వెంట వాళ్ల అవ్వ. అవ్వ మనవరాలి పెళ్లికి మొక్కుకుని ముందురోజే అలిపిరి మెట్ల దారిన కొండెక్కి వచ్చింది. 3,550 మెట్లు, వట్టి కాళ్లతో. ఆ అమ్మాయి థ్రెడింగ్‌కి కూర్చుంటూ, “అక్కా, అట్లే మా అవ్వకి కూడా కాళ్లకి ఏదో ఒకటి చెయ్యండి, పాపం నడిచి నడిచి నొప్పులంటోంది” అంది. ఓనరక్క అన్నానికి ఇంటికి వెళ్లింది. నేను పెద్ద పనిమంతురాలిలా టబ్బు తెచ్చి పెట్టాను.

అవ్వ కాళ్లు నీళ్లలో పెట్టింది. “సల్లగా ఉండాయి మా, రవ్వంత ఉడుకునీళ్లు పొయ్యి” అంది. గీజర్ నుంచి ఒక మగ్గు తెచ్చి పోశాను. “ఇంకా రవ్వ” అంది. ఇంకో మగ్గు. నా చేతికి గ్లవుజులు ఉన్నాయి కాబట్టి నీళ్లలో వేలు కూడా ముంచి చూడలేదు. ఆవిరి కనిపిస్తూనే ఉంది. అవ్వేమో హాయిగా వెనక్కి వాలి, మోకాళ్ల పర్వతం దగ్గర ఎట్లా కూలబడిందో, గాలిగోపురం దగ్గర ఎవరో మజ్జిగ ఇస్తే ఎట్లా ప్రాణం లేచొచ్చిందో చెబుతోంది. నేను ఊఁ కొడుతున్నాను.

ఇరవై నిమిషాల తర్వాత కుడి కాలు తీసి టవలు మీద పెట్టాను. చీలమండ దాకా గీత గీసినట్టు ఎర్రగా ఉంది, ఎర్ర సాక్సు తొడిగినట్టు. రక్తం బాగా ఆడుతోందిలే అనుకున్నాను, నా తెలివి అట్లా ఉంది. స్క్రాపర్ పెట్టి చిటికెనవేలు పక్కన ఒక్కసారి లాగాను. ఉడకబెట్టిన టమాటా తొక్క జారినట్టు చర్మం జారి వచ్చేసింది. కింద గులాబీ రంగు పచ్చిమాంసం. నా గుండె ఆగింది. అవ్వ మాత్రం గాలిగోపురం దగ్గరే ఉంది. అబ్బా అనలేదు, కాలు వెనక్కి లాక్కోలేదు. ఆమెకు తెలియనే లేదు!

అరికాలు తిప్పి చూస్తే ఇంకో విషయం. ఆనెకాయ పక్కన ఆకుపచ్చ గాజు ముక్క, బియ్యపుగింజంత, లోపలికి దిగి ఉంది. చుట్టూ నల్లగా కమిలింది. ఆ మెట్ల మీద ఎవరి చేతి గాజు పగిలిందో, ఎన్నో మెట్టు దగ్గర గుచ్చుకుందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. దాంతోనే అవ్వ మిగిలిన కొండంతా ఎక్కింది.

“అవ్వకి ఇరవై ఏళ్ల నుంచి షుగరు అక్కా. మీరు అడగలేదు కదా” అంది మనవరాలు. అవును, అడగలేదు.

ఓనరక్క వచ్చి ఏదో ఆయింట్‌మెంట్ పూసి ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపింది. ఆ ఖర్చు నా జీతంలో కోసింది. నాకు చెప్పిన పాఠం ఒక్కటే: “ఇకమీద షుగరోళ్లకు నీళ్లు చల్లగా పెట్టు.” అంతే! నేను ఊరుకోలేక రెండు వారాల తర్వాత పళ్లు పట్టుకుని వాళ్ల ఊరికి బస్సులో వెళ్లాను. పుండు ఇంకా మానలేదు, మానడానికి నెలన్నర పైనే పట్టింది. మనవరాలు నా మొహం చూడలేదు. అవ్వే కాఫీ ఇప్పించింది. ఆ రోజు వాళ్లతో పాటు డ్రెస్సింగుకి ఆస్పత్రికి పోతే అక్కడి డాక్టరు నాకు వివరంగా చెప్పాడు. షుగరు చాలా ఏళ్లు ఉంటే కాళ్లలో నరాలు మొద్దుబారతాయి, వేడీ నొప్పీ తెలియవు. రక్తం సరిగ్గా అందక చిన్న గీత కూడా నెలల తరబడి మానదు, ముదిరితే వేలు తీసేయాల్సి రావచ్చు. “ఆమె కాలికే ఏమీ తెలియనప్పుడు నీళ్లు వేడిగా ఉన్నాయా అని ఆమెను అడిగితే ఏం లాభం? నీ మోచేతిని అడగాల్సింది” అన్నాడు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. నా దగ్గర ఎవరి కాలూ ముందుగా నీళ్లలోకి పోదు. పొడిగా, తెల్ల లైటు కింద, నా ఒడిలో టవలు మీద పెట్టుకుని చూస్తాను. షుగరు ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, నిన్నా ఇవాళా కాళ్లకు షేవింగో వ్యాక్సింగో చేయించుకున్నారా? ఈ మూడూ అడగకుండా మొదలుపెట్టను. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నానిపోయినట్టు ఉంటే ఫంగస్ అని అనుమానిస్తాను. గోరు పసుపుపచ్చగా మందంగా అయిపోయినా అంతే. గోరు పక్కన చీము పట్టి ఉంటే, పుండు ఉంటే, ఎక్కడైనా నల్లబడి ఉంటే “డాక్టరుకు చూపించుకుని రండి” అని పంపేస్తాను. షుగరు ఉన్నవాళ్లకు నానబెట్టడం లేదు, గీకడం లేదు. గోళ్లు నేరుగా కత్తిరించి, మూలలు ఫైలుతో కొంచెం నునుపు చేస్తాను. మూలలు లోతుగా కోస్తే గోరు చర్మంలోకి పెరుగుతుంది, అది ఎవరికైనా వర్తిస్తుంది. మిగతావాళ్లకు నీళ్లు 38 నుంచి 40 డిగ్రీలు, పది నిమిషాలు దాటకుండా. పసిపిల్లల స్నానానికి వాడే థర్మామీటరు కొనుక్కోండి. చాలా తక్కువ ధర, నా పరువు కాపాడుతున్న వస్తువు అదే.

షేవింగు సంగతి ఎందుకంటే, బ్లేడు తగిలిన కాళ్ల మీద కంటికి కనపడని గీతలు ఉంటాయి. 2000లో అమెరికాలో, కాలిఫోర్నియాలో, ఒకే ఒక్క నెయిల్ సెలూన్‌లో వందమందికి పైగా కస్టమర్లకు కాళ్ల మీద సెగ్గడ్డలు లేచాయి. ఫుట్‌బాత్‌లో నీళ్లు తిరిగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మం పొట్టు పేరుకుని అక్కడ సూక్ష్మజీవులు కాపురం పెట్టాయి. ముందు కాళ్లు షేవ్ చేసుకున్న వాళ్లకు ముప్పు మరీ ఎక్కువైంది. అమెరికా సెలూన్లోనే అట్లా అయితే మన ఊరి బోరు నీళ్ల మాట చెప్పాలా! టబ్బు అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఆ గరుకులో మురికి దాక్కుంటుంది. ఒక్కో కస్టమర్ తర్వాత సబ్బుతో బ్రష్ వేసి తోమి, ఆ తర్వాత క్రిమిసంహారక మందు నీళ్లు పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఉప్పు పొర పోవడానికి వెనిగర్ వాడితే శుభ్రంగా కడిగేసే దాకా బ్లీచ్ జోలికి పోకండి. రెండూ కలిస్తే వచ్చే గ్యాసుకి ఊపిరాడదు.

ఇక ఆ నీలం లైటు డబ్బా, అదే యూవీ స్టెరిలైజర్ అంటారే, అది. ప్రతి పార్లర్‌లో అదొక అలంకారం. కట్టర్లు దాంట్లో పెట్టి “స్టెరిలైజ్ చేశామండి” అంటారు. లైటు పడిన వైపు ఏదో కొంత, పడని వైపు ఏమీ లేదు. పైగా చర్మం పొట్టు అంటుకున్న కట్టర్‌ని అట్లానే లోపల పెడతారు. ముందు సబ్బుతో కడగాలి, ఆ తర్వాతే ఏ మందైనా పనిచేస్తుంది. నిజంగా స్టెరిలైజ్ కావాలంటే, అంటే ఒక్క క్రిమి కూడా మిగలకూడదంటే, ఆవిరి ఒత్తిడితో పనిచేసే ఆటోక్లేవ్ కావాలి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు. చూడ్డానికి మన కుక్కర్‌కి అక్క లాగా ఉంటుంది. ప్యూమిస్ రాయి (మడమలు రుద్దే రాయి), చెక్క ఫైలు ఏం చేసినా శుభ్రం కావు, వాటి రంధ్రాల్లోకి ఏ మందూ పూర్తిగా పోదు. ఒకరికి వాడినవి వాళ్లకే ఇచ్చేస్తాను. “ఇది కూడా బిల్లులో వేశావా” అని మూతి ముడుస్తారు. కొండ మీద కల్యాణకట్టలో మాత్రం కొత్త బ్లేడు వెయ్యకపోతే ఒక్కరూ తల వంచరు. తలకు ఉన్న జాగ్రత్త కాలికి ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

బ్లేడు అంటే గుర్తొచ్చింది. “మడమలు బ్లేడుతో చెక్కేయండి” అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ఉంటారు. నేను చెయ్యను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సెలూన్లలో ఆ బ్లేడు వాడటమే నిషేధం. తోలు మందంగా అయ్యేది ఒరిపిడి తట్టుకోవడానికి. మొత్తం చెక్కేస్తే నడవడానికి నొప్పి, కొన్నాళ్లకు మళ్లీ అంతే పేరుకుంటుంది. ఒకామె “పక్కవీధిలో చేస్తారు” అని లేచి వెళ్లిపోయింది. పోనీ.

మీరు రాయలేదు కానీ మీ ఇంట్లో ఈ మాట వస్తుంది, కాచుకోండి: “డిగ్రీ చదివి జనాల కాళ్లు పట్టుకునే పనేంటి?” మా పెద్దత్త నన్ను పదేళ్లుగా అంటూనే ఉంది. పెళ్లిలో అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టి కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్న మనిషే ఆమె. ఆ కాళ్లకు ఫంగస్ ఉందో లేదో ఎవరూ చూడలేదు! నేను చూసి, గ్లవుజులు వేసుకుని, డబ్బు తీసుకుని కడుగుతున్నాను. ఇందులో తక్కువేముందో చెప్పమంటే చెప్పదు.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. మూడు రోజుల కోర్సు ఇచ్చే సర్టిఫికెట్ గోడకు పనికొస్తుంది, కాలికి కాదు. ఐటీఐల్లో కాస్మటాలజీ అని ఏడాది ట్రేడ్ ఉంది, పదో తరగతి పాసైతే చాలు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్యక్రమం ప్రకారం నేర్పే ట్రైనింగ్ సెంటర్లూ ఉంటాయి. ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు లోపలికి వెళ్లి “మీ ఆటోక్లేవ్ చూపించండి” అనండి. నీలం డబ్బా చూపిస్తే నమస్కారం పెట్టి బయటికి రండి. “పెడిక్యూర్ ఎవరికి చెయ్యకూడదు?” అని కూడా అడగండి. జవాబుకు తడుముకుంటే అక్కడ నెయిల్ ఆర్ట్ నేర్చుకోవచ్చు, పెడిక్యూర్ వద్దు. బొమ్మల కాళ్ల మీదా ఫ్రెండ్స్ కాళ్ల మీదా కాకుండా అరవై దాటిన వాళ్ల కాళ్లు ఓ పాతికైనా చూడనిస్తారా అన్నది కూడా తెలుసుకోండి. ఇరవై ఏళ్ల అమ్మాయిల కాళ్లు ఏమీ నేర్పవు.

అవ్వ గురించి ఆగిపోయాను. మరుసటి పెరటాసికి నేను ఇంకా ఆ పార్లర్‌లోనే ఉన్నాను, ఒక్కతే వెతుక్కుంటూ వచ్చింది. “గోళ్లు తియ్యి మా, మా ఇంట్లో ఎవురికీ చేతకాదు” అంది. ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చింది. కొండెక్కే ముందు రోజు కూర్చోబెట్టి అరికాళ్లు చూసి, మెత్తటి చెప్పులు వేసుకుని ఎక్కమని బతిమాలేదాన్ని. వినేది కాదు. దిగాక మళ్లీ వచ్చి కాళ్లు చూపించాలి అని ఒప్పందం చేసుకున్నాను, అది మాత్రం తప్పలేదు.

చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతానంటే మా షాపులో రెండు వారాలు పక్కన కూర్చుని చూడొచ్చు. డబ్బులేమీ వద్దు. టబ్బులు మాత్రం మీరే తోమాలి.