ఆరు మ్యాచ్‌లు మిగిలుండగా మేనేజర్‌ని పీకేస్తే పనవుతుందా?

మీ ప్రశ్న ఇది: "మా జట్టు వరసగా ఓడుతోంది. సీజన్‌లో ఇంకా ఆరు మ్యాచ్‌లే ఉన్నాయి. అభిమానుల్లో సగం మంది మేనేజర్‌ని ఇప్పుడే తీసేయాలంటున్నారు, మిగతా సగం సీజన్ అయ్యాక చూద్దామంటున్నారు. ఏది సరైనది?"

నేను లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అభిమానిని. ఈ విషయంలో మావాళ్లకున్నంత అనుభవం చాలా తక్కువమందికి ఉంటుంది. 2021, 2023, 2025... మూడేళ్లూ సరిగ్గా వేసవి మొదలయ్యే వేళకి మాకు ఇదే గొడవ. రెండుసార్లు క్లబ్బు మేనేజర్‌ని, అంటే జట్టుని నడిపే కోచ్‌ని, మార్చింది, ఒకసారి మార్చలేదు. మూడూ మొదటి నుంచి చివరిదాకా చూశాను. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పట్టికలో ఎక్కడున్నామన్న కోపంతో మార్చకూడదు. మిగిలిన మ్యాచ్‌ల్లో ఇంకా దక్కేది ఏముందో, పోయేది ఏముందో చూడాలి. ఆ పని ఇప్పుడున్నాయన వల్ల అవుతుందా, రేపు వచ్చేవాడి వల్ల అవుతుందా అన్నది లెక్కేసుకోవాలి.

2025 సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అంతటి వాదన నేను ఇంకెప్పుడూ చూడలేదు.

అప్పటి మా మేనేజర్ ఏంజ్ పోస్టెకోగ్లూ మొదటి ఏడాది మమ్మల్ని 66 పాయింట్లతో ఐదో స్థానంలో నిలబెట్టాడు. రెండో ఏడాది లీగ్‌లో, అంటే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో, అంతా తలకిందులైంది. గోల్‌కీపర్ వికారియో, డిఫెన్స్‌లో రొమేరో, వాన్ డె వెన్ గాయాలతో నెలల తరబడి ఆటకి దూరమయ్యారు. ఏప్రిల్ వచ్చేసరికి మేం పధ్నాలుగో స్థానంలో ఉన్నాం. కానీ యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్‌లో మాత్రం క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చాం. 2008లో లీగ్ కప్ (లీగ్‌కి వేరుగా ఇంగ్లండ్‌లో జరిగే నాకౌట్ పోటీ) గెలిచాక మా క్లబ్బు మళ్లీ ట్రోఫీ ముఖం చూడలేదు. పైగా సీజన్ మొదట్లోనే ఆయన, రెండో ఏడాది నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తాను అని కెమెరా ముందే అనేశాడు. ఓడిన ప్రతిసారీ జనం ఆ మాట తీసి ఆయన మొహాన కొట్టేవాళ్లు.

ఏప్రిల్ 3న చెల్సీతో మ్యాచ్. మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి మొదలైంది. మణికొండలో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో కూర్చుని చూస్తున్నాం. రెండో సగం మొదలైన కాసేపటికే ఎంజో ఫెర్నాండెజ్ గోల్ కొట్టాడు. తర్వాత ఏంజ్, బాగా ఆడుతున్న కుర్రాడు లూకాస్ బెర్గ్‌వాల్‌ని బయటికి పిలిచి, పాపే సార్ అనే ఆటగాణ్ని మైదానంలోకి దింపాడు. అంతే, అక్కడిదాకా వెళ్లిన మా అభిమానులే "ఏం చేస్తున్నావో నీకే తెలీదు" అని పాట అందుకున్నారు. టీవీలో ఒక్కో మాటా వినిపించింది. కాసేపటికే అదే పాపే సార్ చాలా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. ఏంజ్ ఆ అభిమానుల వైపు తిరిగి, ఇప్పుడనండి అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఇంతలో వీఏఆర్ వాళ్లు (వీడియో చూసి తీర్పు సరిచూసే రిఫరీలు) చూసి, గోల్‌కి ముందు కైసెడో మీద ఫౌల్ జరిగిందని తేల్చారు. గోల్ పోయింది, మ్యాచ్ పోయింది. గోల్ పడిందని సంబరపడమన్నాను అంతే అని ఆయన తర్వాత చెప్పుకున్నాడు గానీ అప్పటికి వినే ఓపిక ఎవరికీ లేదు.

తెల్లారేసరికి మా వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. లండన్‌లో ఉండే మా మేనత్త కొడుకు, నాకు బావ, తీసేయాల్సిందేనన్న వర్గానికి పెద్ద. వీలు దొరికినప్పుడల్లా స్టేడియంకి వెళ్లి చూసే మనిషి. "ఒరేయ్, నువ్వు ఇంట్లో కూచుని టీవీలో చూస్తావు. నేను జీతం డబ్బులు పోసి టికెట్ కొని, ఓటమి చూసి, చలిలో ట్రెయిన్ కోసం నిలబడుతున్నా. మన మీదకే చెవి చూపించినవాడికి ఇంకా ఇక్కడేం పని?" అన్నాడు.

"బావా, లీగ్‌లో మనకి ఇంక వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కింది డివిజన్‌కి పోయే మూడు జట్లూ ఎలాగూ సౌతాంప్టన్, లెస్టర్, ఇప్స్‌విచ్‌లే. మిగిలింది యూరోపా ఒక్కటే. వచ్చే గురువారమే ఫ్రాంక్‌ఫర్ట్‌తో మ్యాచ్. కొత్తాయన వచ్చి వారంలో ఏం నేర్పుతాడు?" అని నేను.

దానికి బావ ఇచ్చిన జవాబు కొట్టిపారేసేది కాదు. "ఆటగాళ్లకి ఆయన మీద నమ్మకం పోయాక యూరోపా మాత్రం ఎలా గెలుస్తార్రా?" అన్నాడు. నిజమే, అసలు తేల్చుకోవాల్సింది అదే. అభిమానులకి నమ్మకం పోవడం వేరు, ఆటగాళ్లకి పోవడం వేరు. మొదటిది పాటల్లో వినపడుతుంది. రెండోది మైదానంలో కనపడుతుంది: బంతి పోయినప్పుడు వెనక్కి పరిగెత్తుతున్నారా, పక్కవాడు ఇబ్బందిలో ఉంటే సాయానికి వెళ్తున్నారా, గోల్ పడ్డాక తలలు వేలాడేస్తున్నారా. ఇవి మీరు కూడా టీవీ ముందు కూర్చుని గమనించవచ్చు. బంతి వెంట కాకుండా, బంతి లేని ఆటగాళ్ల మీద కాసేపు కన్నేస్తే చాలు.

క్వార్టర్ ఫైనల్లో రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి విజేతని తేలుస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌తో మా మైదానంలో 1-1. ఏప్రిల్ 17న వాళ్ల ఊళ్లో రెండో మ్యాచ్. ఓడితే ఆ రాత్రే ఏంజ్ కథ ముగుస్తుందని అందరూ అనుకున్నారు. ఎప్పుడూ జట్టు మొత్తాన్ని ముందుకు తోసే మనిషి, ఆ రోజు వెనక నిలబడి కాచుకోమన్నాడు. సొలాంకే పెనాల్టీతో 1-0 ఆధిక్యం వచ్చాక, రొమేరో, వాన్ డె వెన్ గోడ కట్టినట్టు నిలబడ్డారు. రెండేళ్లుగా నేర్పిన ఆటని పక్కనపెట్టి కొత్తగా ఆడమంటే ఆడారంటే, ఆయన మాట ఇంకా చెల్లుతోందనే కదా. మార్చొద్దన్న నా మాటకి ఆ రాత్రి నాకు దొరికిన రుజువు అది.

సెమీఫైనల్లో నార్వే జట్టు బోడో/గ్లిమ్ట్‌ని 3-1, 2-0తో దాటాం. లీగ్‌లో మాత్రం అదే సమయంలో ఘోరం. ఏప్రిల్ 6న సౌతాంప్టన్ మీద గెలిచాక మిగిలిన ఏడు మ్యాచ్‌ల్లో వచ్చింది ఒకే ఒక్క పాయింటు. 22 ఓటములతో, 38 పాయింట్లతో పదిహేడో స్థానంలో సీజన్ ముగించాం. ఈ అంకెలు మాత్రమే చూసినవాడు ఏప్రిల్‌లోనే పంపేసి ఉండాల్సిందంటాడు. కానీ మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఫైనల్ ఉంది. బ్రెనన్ జాన్సన్ గోల్, తర్వాత గోల్ గీత మీద నుంచి వాన్ డె వెన్ గాల్లో తిరగబడి తన్నేసిన బంతి, 1-0. పదిహేడేళ్ల తర్వాత ట్రోఫీ. పైగా మరుసటి ఏడాది యూరప్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో చోటు. పదిహేడుకి బదులు పదమూడో స్థానంలో నిలిచి ఉంటే మాకు ఒరిగేదేముంది?

జూన్ 6న ఏంజ్‌ని తీసేశారు. ఏప్రిల్‌లో పొమ్మన్న బావ ఆ రోజు ఫోన్ చేసి క్లబ్బుని నానా మాటలూ అన్నాడు. నాకు మాత్రం ఆ నిర్ణయం సబబుగానే తోచింది. ఏప్రిల్‌లో ఆయన్ని ఉంచాలనడానికి ఏ కారణం ఉందో, జూన్‌లో అది లేదు. కప్పు వచ్చేసింది. 22 ఓటముల జట్టుని బాగుచేయడానికి కొత్తాయనకి వేసవంతా ఉంది, ఆటగాళ్లని కొనుక్కునే గడువుంది, సీజన్‌కి ముందు సాధన చేయించే ప్రీ-సీజన్ ఉంది. ఏప్రిల్‌లో వచ్చేవాడికి ఇవేవీ ఉండవు.

ఇప్పుడు 2021. లీగ్ కప్ ఫైనల్ ఏప్రిల్ 25న, మాంచెస్టర్ సిటీతో. ఏప్రిల్ 19న జోసె మోరీన్యోని తీసేశారు. పెళ్లి వారంలో పెట్టుకుని వంటవాణ్ని మార్చినట్టు. ఆయన జట్టు ఆ ఏడాది బాగా ఆడలేదు, ఒప్పుకుంటాను. మార్చిలో డైనమో జాగ్రెబ్ చేతిలో 3-0తో ఓడి యూరోపా నుంచి బయటపడిన రాత్రి నేను కూడా తట్టుకోలేకపోయాను. కానీ ఫైనల్స్ గెలుస్తాడన్న పేరు చూసే కదా ఆయన్ని తెచ్చుకున్నది! ఆ ఫైనల్ వచ్చిన వారంలోనే పంపేసి, 29 ఏళ్ల రయన్ మేసన్‌కి జట్టుని అప్పగించారు. మేసన్ అంటే నాకు ప్రాణం. తలకి తగిలిన దెబ్బతో చిన్న వయసులోనే ఆట మానుకోవాల్సి వచ్చిన మా కుర్రాడు. లీగ్‌లో ఆరింట నాలుగు మ్యాచ్‌లు గెలిపించాడు కూడా. ఫైనల్ మాత్రం 1-0తో పోయింది, లాపోర్ట్ హెడర్. మోరీన్యో ఉంటే గెలిచేవాళ్లమని నేను అనను. కానీ ఆ సీజన్‌లో మిగిలిన ఒకే ఒక్క కప్పుకి ఆరు రోజుల ముందు చేయాల్సిన పని మాత్రం కాదది.

2023 కథ వేరు. ఆంటోనియో కాంటే సౌతాంప్టన్‌తో 3-3 డ్రా అయ్యాక విలేకరుల ముందు తన ఆటగాళ్ల మీదే విరుచుకుపడ్డాడు. అలా మాట్లాడిన మేనేజర్ ఆ డ్రెస్సింగ్ రూమ్‌లోకి మళ్లీ ఎలా వెళ్తాడు? పంపడం తప్పనిసరి. అయితే ఆయన స్థానంలో ఎవరిని కూర్చోబెట్టారో చూడండి: ఆయన సహాయకుడే, స్టెల్లీని. అదే పద్ధతి, అదే ఆట, ఆ పేరు మాత్రం లేదు. న్యూకాజిల్‌లో 21 నిమిషాలకే ఐదు గోల్స్ ఇచ్చుకుని 6-1తో ఓడాం. మర్నాడే స్టెల్లీనిని కూడా తీసేసి మళ్లీ మేసన్‌ని పిలిచారు. కాంటే వెళ్లేటప్పుడు నాలుగో స్థానంలో ఉన్న జట్టు ఎనిమిదో స్థానంలో తేలింది, యూరప్ పోటీల్లో చోటే లేకుండా పోయింది. తీసేయాలని అరిచేటప్పుడు తర్వాత ఎవరన్నది మనం ఎవరమూ అడగం. ఏప్రిల్‌లో మంచి మేనేజర్లంతా ఏదో ఒక క్లబ్బులో పనిలోనే ఉంటారు. దొరికేది సహాయకుడో, ఖాళీగా ఉన్న పెద్దాయనో.

అలాగని పెద్దాయనల్ని తీసిపారేయకండి. అదే 2023 మార్చిలో క్రిస్టల్ ప్యాలెస్ పాట్రిక్ వియెరాని తీసేసి, 75 ఏళ్ల రాయ్ హాడ్సన్‌ని పది మ్యాచ్‌లకి పిలిచింది. ఐదు గెలిచి, మూడు డ్రా చేసి, ఆ పదింట్లో 18 పాయింట్లు తెచ్చి జట్టుని పదకొండో స్థానంలో నిలిపాడు. మార్పు పనిచేస్తుందనడానికి చాలామంది దీన్నే చూపిస్తారు. ఫిక్చర్ల పట్టిక కూడా తీసి చూడండి. వియెరా గెలవలేకపోయిన ఆ రెండున్నర నెలల్లో లీగ్‌లో ఎక్కువగా ఆడింది సిటీ, యునైటెడ్, లివర్‌పూల్, న్యూకాజిల్, బ్రైటన్ లాంటి జట్లతో. హాడ్సన్ మొదటి మూడు మ్యాచ్‌లు లెస్టర్, లీడ్స్, సౌతాంప్టన్‌తో. ఆ మూడూ ఆ ఏడాది కింది డివిజన్‌కి పడిపోయినవే. హాడ్సన్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు, జట్టుకి ధైర్యం తెచ్చాడు. కానీ ఆ ప్రత్యర్థులతో వియెరా కూడా కొన్ని పాయింట్లు తెచ్చేవాడేనని నా నమ్మకం.

ఆ లీడ్సే, నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగా జావి గ్రాసియాని తీసేసి శామ్ అలర్‌డైస్‌ని తెచ్చుకుంది. గెలుపుకి మూడు చొప్పున రాదగిన 12 పాయింట్లకి ఒక్కటి దక్కింది. చివరి మ్యాచ్ మాతోనే, వాళ్ల మైదానంలోనే 4-1తో గెలిచాం. గెలిచింది మేమైనా, వాళ్ల అభిమానుల మొహాలు చూడలేకపోయాను. అదే సీజన్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్, ఎంత ఒత్తిడి వచ్చినా స్టీవ్ కూపర్‌ని కదపలేదు. ఆర్సెనల్‌ని ఓడించి మరీ గట్టెక్కింది. 2022లో బర్న్‌లీది మధ్యస్థం: దాదాపు పదేళ్లున్న షాన్ డైచ్‌ని ఎనిమిది మ్యాచ్‌ల ముందు తీసేశారు, మొదటి నాలుగింట్లో పది పాయింట్లు వచ్చాయి, అందరూ శభాష్ అన్నారు, తర్వాతి నాలుగింట్లో ఒక్కటే వచ్చి చివరి రోజున కిందికి పోయారు. కొత్త మనిషి తెచ్చే ఊపు ఉంటుంది, నేను కాదనను. అది ఎన్ని వారాలు ఉంటుందన్నదే ఎవరి చేతుల్లోనూ లేదు.

కాబట్టి మీ జట్టు సంగతికి వస్తే, నేనైతే ముందు ఆ ఆరు మ్యాచ్‌లూ ఎవరితోనో చూస్తాను. అందులో మీకంటే కింద ఉన్న జట్లు మూడు ఉన్నాయంటే, ఆటగాళ్లు ఇంకా పరిగెత్తుతున్నారంటే, ఉన్నాయన్నే ఉంచమంటాను. ఆటగాళ్లు చేతులెత్తేశారని మీకు కనిపిస్తుంటే, కింది డివిజన్‌కి పడేసే రెలిగేషన్ గీతకి రెండు మూడు పాయింట్ల దూరంలోనే ఉంటే, రేపు పొద్దున్నే వచ్చి నిలబడగలిగిన మనిషి నిజంగా ఉంటే, మార్చమంటాను. ఆ మూడో షరతు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి, పేరు చెప్పలేనివాళ్లతో వాదించకండి. లీగ్‌లో వచ్చేదీ పోయేదీ లేకపోతే జూన్ దాకా ఆగడమే మేలు, అప్పుడైతే క్లబ్బు నచ్చినవాణ్ని ఎంచుకోవచ్చు.

మీది ఏ జట్టో, మిగిలిన ఆరు మ్యాచ్‌లు ఎవరితోనో కింద రాయండి. ఒక్కొక్కటీ చూసి చెప్తాను.