నాలుగేళ్ల పిల్లల తరగతిలో రోజూ గంటసేపు ఉత్తుత్తి ఆటలు అవసరమా?

నాలుగేళ్ల మీ బాబుకు తరగతిలో రోజూ గంటసేపు డాక్టర్ ఆట, బస్సు ఆట ఆడిస్తున్నారని, ఇక అక్షరాలు ఎప్పుడు నేర్పుతారని మీరు అడిగారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచర్‌ని కనుక నా అనుభవంలోంచి జవాబు చెబుతాను. ఆ గంటను తగ్గించమని మాత్రం దయచేసి అడగకండి.

"నువ్వు డాక్టరువంట, నేను జ్వరమొచ్చిన పాపనంట" అంటూ పిల్లలు ఆట మొదలుపెడతారు. ఆ ‘అంట’ అనే చిన్న మాటతో వాళ్ల మధ్య ఒక ఒప్పందం కుదురుతుంది. డాక్టరైన పిల్లవాడు పరుగెత్తకూడదు, పాపైన పిల్ల లేచి గంతులు వేయకూడదు, మిగిలినవాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆగాలి. నియమాలు లేని ఊహాత్మక ఆట ఉండదని మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పిన విషయం నాకు తరగతిలో రోజూ కనిపిస్తుంది. కథ చెబుతుంటే రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేని ఒక బాబు, బస్సు డ్రైవరైన రోజున ప్రయాణికులందరూ ఎక్కేదాకా ఓపికగా కూర్చున్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా కుదరని నిగ్రహం ఆ పాత్రలో అతనికి దానంతటదే వచ్చింది.

అక్షరాల విషయానికి వస్తే, కర్రను గుర్రం అనుకోగలిగిన పిల్లవాడు ఒక వస్తువు మరొకదానికి బదులుగా నిలబడగలదని గ్రహించినట్టే. కాగితం మీది గీత ఒక శబ్దానికి బదులుగా నిలుస్తుందని తెలుసుకోవడానికి కూడా ఆ గ్రహింపే కావాలి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటి సంవత్సరంలో, పిల్లలు డాక్టర్ ఆటలో మునిగి ఉండగా నేను మధ్యలోకి వెళ్లి "ఇందులో ఎర్ర మాత్రలు ఎన్ని?" అని అడిగాను. వాళ్లు లెక్కపెట్టి సరైన జవాబే చెప్పారు, కానీ ఆట అక్కడితో ఆగిపోయింది, ఆ రోజు మళ్లీ మొదలుకాలేదు. అది నన్ను చాలాకాలం బాధించింది. తరువాత నుంచి నేను రోగిగా లోపలికి వెళ్లి, "డాక్టరుగారూ, మందుల చీటీ రాసివ్వండి" అని అడిగి, చీటీ పుచ్చుకుని బయటికి వచ్చేయడం నేర్చుకున్నాను. మొదట్లో ఆ చీటీల మీద వంకర గీతలే ఉండేవి. కొన్ని వారాల తరువాత ఒక పాప నా దగ్గరికి వచ్చి, "మందులో ‘మ’ ఎలా రాయాలి?" అని తనంతట తానే అడిగింది.

ఈ ఆటలతో తెలివితేటలు పెరుగుతాయని మాత్రం నేను మీకు మాట ఇవ్వను. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 2013లో సమీక్షించిన మనస్తత్వవేత్త ఏంజెలిన్ లిలార్డ్ బృందం, తెలివితేటలకూ సృజనాత్మకతకూ ఊహాత్మక ఆటే కారణమనడానికి బలమైన ఆధారం లేదని తేల్చింది. కాబట్టి అక్షరాలను పూర్తిగా ఆటకే వదిలేయకుండా వాటికి వేరే సమయం కూడా కేటాయించాలి, మా తరగతిలో అలాగే చేస్తాము.

కానీ ఆ సమయాన్ని ఆట గంటలోంచి కోయకూడదు. ఎవరు డాక్టర్, ఎవరు రోగి అని తేల్చుకోవడానికే పిల్లలకు పది నిమిషాలు పడుతుంది. ఆ వాదనలో వాళ్లు ఎదుటివారిని ఒప్పించడం, కొన్నిసార్లు తగ్గడం నేర్చుకుంటారు. పావుగంటే ఇస్తే, అసలు ఆట మొదలయ్యే వేళకు బొమ్మలు సర్దేయమని మనమే చెప్పవలసి వస్తుంది.