కోడలి డిగ్రీ మీద ఇంటిల్లిపాదీ ప్రయాణం: ముందు ఆమెను అడిగారా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బీటెక్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు బీఎస్సీ నర్సింగ్, అక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో పని. మనవరాలికి నాలుగేళ్లు. కోడలిని లండన్‌లో ఎమ్మెస్సీలో చేర్పిస్తే అబ్బాయి, పాప డిపెండెంట్ వీసా మీద వెంటే వెళ్లొచ్చని, రెండేళ్లలో సెటిలవుతారని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. జర్మనీలో నర్సులకు డిమాండ్ ఉందని ఇంకొకరు అంటున్నారు. రెండింట్లో ఏది మేలు? సాగర్ ఆయకట్టు కింద ఎకరంన్నర ఉంది, అమ్మేద్దామా? మా అబ్బాయి భవిష్యత్తు గురించే బెంగ.

జవాబు: సార్, ముందు పొలం సంగతి. అమ్మకండి. నర్సుగా ఉద్యోగం ఖాయమై వెళ్లే దారిలో పొలం అమ్మాల్సినంత ఖర్చు ఉండదు. అంత ఖర్చు అవుతుందని ఎవరైనా అంటే, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోందో అడగండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు సూర్యాపేట, దేవరకొండ, ఇటు జడ్చర్ల నుంచి కూడా వస్తూనే ఉంటాయి. దేశం పేరు మారుతుంది, అంతే. పైకి అడిగేది "ఏ దేశం మంచిది" అని. లోపల ఉన్నది వేరు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో "మీవోళ్లు ఇంకా పోలేదా?" అని ఎవరో ఒకరు అంటారు, అది గుచ్చుకుంటుంది. మీ అబ్బాయికి ఉద్యోగం ఉంది, కోడలికి ఉద్యోగం ఉంది, పాప ఆరోగ్యంగా ఉంది. మీరేమీ వెనకబడలేదు. ఈ మాట నమ్మితే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

లండన్ సంగతి తొందరగా తేలిపోతుంది. 2024 జనవరి 1 నుంచి మొదలైన కోర్సుల్లో మామూలు మాస్టర్స్ చదివే విద్యార్థులు భర్తనూ పిల్లలనూ డిపెండెంట్లుగా తీసుకెళ్లడానికి బ్రిటన్‌లో వీల్లేదు. పీహెచ్‌డీ, పరిశోధన కోర్సుల వాళ్లకే ఆ అవకాశం. మీకు చెప్పినవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే ఆ గడప తొక్కొద్దు. తెలిసే చెప్పి ఉంటే అసలే తొక్కొద్దు.

అయినా రిజిస్టర్డ్ నర్సు ఫీజు కట్టి స్టూడెంట్‌గా ఎందుకు వెళ్లాలి? ఆమె నర్సుగానే వెళ్లొచ్చు. ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ (రెండూ ఇంగ్లిష్ పరీక్షలే) రాసి, బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టే కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాసి, ఉద్యోగం దొరికాక ప్రాక్టికల్ పరీక్ష అక్కడ ఇవ్వాలి. ఆ నర్సు ఉద్యోగం వీసా మీద కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) ఆసుపత్రులు విదేశాల నుంచి నర్సులను తీసుకోవడం ఇప్పుడు బాగా తగ్గించాయి. ఒక జాగ్రత్త కూడా: నర్సు పోస్టు లేదు, కేర్ వర్కర్‌గా (వృద్ధులనూ రోగులనూ చూసుకునే సహాయకురాలిగా) పంపిస్తాం, అదీ ఇదీ ఒకటే అని ఎవరైనా అంటే నమ్మకండి. కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకెళ్లడం 2024 మార్చి 11 నుంచే ఆగింది. బయటి దేశాల నుంచి కొత్తగా వాళ్లను తీసుకోవడం కూడా 2025 జులై 22 నుంచి బంద్.

ఇక జర్మనీ. మన దగ్గర ఇప్పుడు వీస్తున్న గాలి అదే కాబట్టి నా అనుమానాలన్నీ వివరంగానే చెప్తాను. డిమాండ్ నిజమే, అందులో అబద్ధం లేదు. కానీ డిమాండ్ ఉంది కదా అని మనిషి అక్కడ నిలదొక్కుకుంటుందని కాదు.

మొదటిది భాష. నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత జర్మన్ కావాలి. మొదటి మెట్టు ఏ1 నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా చేరడానికి, వేరే పని లేకుండా కూర్చుని చదివినా చాలా నెలలు పడుతుంది. మీ కోడలు నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పాపను స్కూలుకు తయారుచేసే వేళ అవుతుంది. ఆన్‌లైన్ క్లాసుకు ఎప్పుడు కూర్చుంటుంది? ఆ గంటన్నర పాపను ఎవరు పట్టుకుంటారు? "భాష ఆర్నెల్లలో వచ్చేస్తుంది సార్" అనేవాళ్ల లెక్కలో ఈ ఇల్లు ఉండదు.

రెండోది పని. అక్కడి నర్సు ఇంజక్షన్లు, సెలైన్లు చూసుకోవడంతో సరిపోదు. పేషెంటుకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం కూడా ఆమె డ్యూటీలో భాగమే. మన ఆసుపత్రుల్లో ఆ పని ఆయాలు చేస్తారు, లేకపోతే పేషెంటు తరఫు వాళ్లు చేస్తారు. అందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ ముందే తెలియకుండా వెళ్లినవాళ్లు మొదటి నెలల్లో బాగా కుంగిపోతారు. పైగా డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ స్థాయి హోదా, జీతమే ఉండొచ్చు. అక్కడి సిలబస్‌తో పోల్చి, తక్కువైన దానికి ఆసుపత్రిలో ట్రైనింగ్ గానీ పరీక్ష గానీ పెడతారు.

మూడోది, "భాష ఫ్రీగా నేర్పిస్తాం" అనే ఒప్పందాలు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, అక్కడ ఎన్నేళ్లు అదే ఆసుపత్రిలో చేయాలి అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేజీ చదవాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి నర్సులను తయారుచేసే బ్యాచ్‌లు నడుపుతోంది. ముందు అక్కడ కనుక్కుని, ఆ తర్వాత ప్రైవేటు వాళ్లు చెప్పేదానితో పోల్చుకోండి.

మీరు అడగని దారి ఒకటుంది. అబ్బాయే ముందుండి వెళ్లొచ్చు. ఐటీ ఉద్యోగానికి ఏడాదికి దాదాపు 45,900 యూరోల జీతంతో ఆఫర్ వస్తే (2026 లెక్క ఇది) బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే వీసా) దొరుకుతుంది. అప్పుడు భార్య వీసాకు జర్మన్ పరీక్ష అడగరు. ఆమె అక్కడికి వెళ్లి, పగటి పూట క్లాసుకు పోయి, తీరిగ్గా గుర్తింపు తెచ్చుకోవచ్చు. అయితే సపోర్ట్ ఉద్యోగం అనుభవంతో ఇక్కడ కూర్చుని ఆ ఆఫర్ తెచ్చుకోవడం తేలిక కాదు. అబ్బాయి ముందు తన పని మీద ఒక ఏడాది కష్టపడాలి. భార్య డిగ్రీ వెనక నిలబడి వెళ్దామనుకోవడం కన్నా అది గౌరవంగా ఉంటుంది.

ఇప్పుడు మీకు కొంచెం కోపం వచ్చే మాట. మీ ఉత్తరం మళ్లీ చదవండి. బీ2 రాయాల్సింది కోడలు, రాత్రి డ్యూటీలు చేయాల్సింది కోడలు, వీసా ఆమె పేరు మీదే. బెంగ మాత్రం "మా అబ్బాయి భవిష్యత్తు" గురించి. ఆమెకు వెళ్లాలని ఉందో లేదో ఒక్క ముక్క రాయలేదు. ఆమె తల్లిదండ్రులు ఏమంటున్నారో లేదు. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి మీరు. వెనక బెంచీలో కూర్చున్న పిల్ల చెయ్యెత్తకపోతే జవాబు రాదనుకోలేదు కదా ఎప్పుడూ? కూర్చోబెట్టి అడగండి. మీ అబ్బాయి పక్కన లేనప్పుడు అడిగితే ఇంకా మంచిది. వద్దంటే ఈ ప్లాన్ అక్కడితో ఆగిపోవాలి.

ఆమె సరే అంటే, సెటిలవడం అంటే ఏమిటో ముగ్గురూ ముందే తెలుసుకోవాలి. జర్మనీలో చాలా అద్దె ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది. స్టవ్, సింకు, అల్మారాలు మీరే పెట్టుకోవాలి, లేదా పాత కిరాయిదారు దగ్గర కొనుక్కోవాలి. కరెంటు, హీటింగ్ కలపని మూల అద్దె మీద మూడు నెలల దాకా డిపాజిట్ అడగొచ్చు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అక్కడి మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. అది లేకపోతే బ్యాంకు దగ్గర నుంచి ట్యాక్స్ నంబర్ దాకా అన్నీ ఆగుతాయి. ఏడాది నిండిన పిల్లలకు కిండర్‌గార్టెన్ సీటు చట్టప్రకారం హక్కే, కానీ చాలా ఊళ్లలో సీట్లు చాలవు. సీటు దొరికేదాకా ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. ఆ కొన్ని నెలలు ఒక్క జీతంతో బతకగలరా అన్నది మీరు అడిగిన రెండు దేశాల లెక్క కన్నా పెద్ద లెక్క.

పాప గురించి మాత్రం దిగులు పడకండి. నాలుగేళ్ల పిల్ల ఆటల్లో పడి భాష పట్టేస్తుంది. అక్కడ బడి ఆరేళ్లకు మొదలవుతుంది. కాబట్టి ఏడాదో ఏడాదిన్నరో ఇక్కడే ఉండి తయారైనా పాప చదువుకు నష్టం లేదు. నర్సు ఉద్యోగానికి ఆ ఏడాదితో తలుపులు మూసుకుపోవు. ఒకరు ముందు వెళ్లాల్సి వస్తే ఆ ఎడబాటు ఏడాది దాటనివ్వకండి. పాపను మీ దగ్గర వదిలి ఇద్దరూ వెళ్లే ఆలోచన అసలే వద్దు.

మీకు పని కావాలంటే ఇదిగో, పొలం అమ్మడం కన్నా అక్కరకొచ్చేది. పాప బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. చాలామందికి దాని మీద పేరే ఉండదు, పేరు గడి ఖాళీగా వదిలేసి ఉంటారు. కోడలి పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మీ ఇంటిపేరు ఉన్నాయేమో చూడండి. పాస్‌పోర్టు, డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మూడింట్లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. పెళ్లి ఫోటోలు, కార్డు చాలవు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. పాప టీకాల కార్డు ఎక్కడుందో వెతకండి, తట్టు టీకా రెండు డోసులూ అందులో రాసి ఉన్నాయో లేదో చూడండి. ఆ రుజువు చూపించకపోతే జర్మనీలో కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. ఎంట్రీ లేకపోతే టీకా వేసిన ఏఎన్‌ఎంను అడిగి రిజిస్టర్ చూసి రాయించుకోండి. ఆవిడ బదిలీ అయ్యేలోపే వెళ్లండి.