కుర్చీ తిప్పగానే రోబో చేయి పక్కకు పోతోందా?
మీది ఒకరు బ్యాక్‌ప్యాక్‌లా వీపున మోసే రోబో చేయి; దాన్ని దూరంగా కూర్చున్న ఆపరేటర్ వీఆర్ హెడ్‌సెట్, చేతి కంట్రోలర్లతో నడుపుతారు. లోపం నెట్‌వర్క్‌లో కాదు, కొలత మొదలయ్యే చోట ఉంది. ఆలస్యమే కారణమైతే చేయి కాస్త ఆగినా సరైన చోటికే చేరేది. విశాఖలోని మధురవాడలో ఆపరేటర్ కుర్చీ తిప్పితే, బీచ్ రోడ్డులో మీ మిత్రుడి వీపు మీది చేయి పక్కకు పోయి అక్కడే నిలుస్తోందన్నారు. అంటే కంట్రోలర్ స్థానాన్ని ఆపరేటర్ శరీరం నుంచి కాక, గది మూలబిందువు (గదిలో కొలతలకు సున్నాగా పెట్టుకున్న చోటు) నుంచి తీసుకుంటున్నారు.

1. ఆపరేటర్ ఛాతీకి ట్రాకర్ (స్థానం, దిశ కొలిచే పరికరం) కట్టండి. హెడ్‌సెట్‌ను ఆధారం చేసుకోవద్దు. తల తిప్పి చూసినా చేతులు ఊగుతాయి.

2. ట్రాకర్ మాత్రిక (దాని స్థానం, దిశ కలిపి రాసిన సంఖ్యల పట్టిక) విలోమంతో కంట్రోలర్ మాత్రికను ఎడమవైపు నుంచి గుణించండి. చాలామంది వదిలేసేది ఇదే. స్థానాన్ని మాత్రమే తీసివేస్తే చాలదు, దిశ కూడా మారాలి.

3. ఫలితాన్ని, అంటే ఛాతీ నుంచి కొలిచిన కంట్రోలర్ స్థానాన్ని, దిశను, బ్యాక్‌ప్యాక్‌పై ఉన్న రోబో భుజం అక్షాలకు మార్చి పంపండి.

దయచేసి మొదటి పరీక్ష స్టాండు మీదే చేయండి, మనిషికి తగిలించి వద్దు.