అమ్మానాన్నలతో చలికాలంలో కాన్యన్ యాత్ర: కార్డు మీద బాకీ పెరగకుండా ఎలా?

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. మావారిది హెచ్1బి ఉద్యోగ వీసా. నాది దాని మీద వచ్చిన హెచ్4, వర్క్ పర్మిట్ లేదు. ఏడేళ్ళ బాబు ఉన్నాడు. ఆగస్టులో వచ్చిన మా అమ్మానాన్నలు ఫిబ్రవరిలో వెళ్ళిపోతారు. నాన్నకు 67, అమ్మకు 62. ఈలోపు వాళ్ళకు గ్రాండ్ కాన్యన్, పేజ్ ఊరు, బ్రైస్, జయాన్ పార్కులు చూపించాలని ఉంది. స్నేహితులు క్రిస్మస్ వారానికి ఆరు రోజుల ప్లాన్ వేసిచ్చారు, 5,200 డాలర్లవుతుందన్నారు. సేవింగ్స్‌లో 11,000 ఉంది. నెల ఖర్చు 4,800 పోగా 1,300 దాకా మిగులుతుంది. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 5,000 బాకీ ఉంది. నాన్నేమో ఊళ్ళో ఉన్న మూడు లక్షల ఎఫ్‌డీ తీసేసి తానే ఖర్చు పెట్టుకుంటానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళి రండమ్మా. నాన్నగారికి 67 ఏళ్ళు. మళ్ళీ ఏ చలికాలానికి వస్తారో, వచ్చినా ఇంత ఓపిక ఉంటుందో లేదో. బాకీ పూర్తిగా తీరేదాకా ఆగమని మీకు చెప్పలేను. అయితే మూడు మార్పులు చేయండి: క్రిస్మస్ వారం వద్దు, బ్రైస్ వద్దు, నాన్నగారి ఎఫ్‌డీ జోలికి వెళ్ళొద్దు.

ముందు ఆ 11,000 సంగతి. అది మీ ఇంటికి రెండు నెలల ఖర్చు కంటే కాస్త ఎక్కువ, అంతే. హెచ్1బి మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి గట్టిగా 60 రోజులు ఇస్తారు. ఒకే జీతం మీద నడిచే ఇల్లు మీది. కాబట్టి అందులోంచి ఒక్క డాలరు కూడా ఈ ప్రయాణానికి తీయకండి. బాకీ తీర్చడానికి కూడా ఇప్పుడు తీయమనను.

కార్డు మీద వేసి తర్వాత చూసుకుందామనుకుంటే ఏమవుతుందో చూడండి. ఇప్పుడున్న 5,000కే నెలకు వంద డాలర్లు వడ్డీ కడుతున్నారు. దానికి 5,200 కలిస్తే నెల వడ్డీ 200 దాటుతుంది. మిగిలే 1,300 మొత్తం దానికే పోసినా తీరడానికి తొమ్మిది నెలలు పడుతుంది, వడ్డీయే దాదాపు వెయ్యి డాలర్లవుతుంది.

దాని బదులు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలూ ఆ 1,300ని రెండుగా విడదీయండి. 675 ప్రయాణానికి, 625 బాకీకి. జనవరి వచ్చేసరికి చేతిలో 2,700 ఉంటుంది, బాకీ 2,850 దగ్గరికి దిగుతుంది. ఈ నాలుగు నెలలూ ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు, షరతు అదొక్కటే. ప్రయాణం డబ్బు వేరే ఖాతాలో వేయండి. ఇంటి ఖర్చు ఖాతాలోనే ఉంచితే దీపావళికే సగం కరిగిపోతుంది.

ఇక తేదీలు. న్యూ ఇయర్ సెలవులయ్యాక వచ్చే గురువారం బయల్దేరి సోమవారం రాత్రికి ఇల్లు చేరండి. సంక్రాంతికి ఇంట్లోనే ఉంటారు. బాబుకి మూడు రోజులు బడి పోతుంది, పోనివ్వండి. క్రిస్మస్ వారంలో ఈ ఊళ్ళన్నిటిలోనూ గదుల అద్దెలు ఎక్కువ. ఆ వారంలో జయాన్ లోపలి రోడ్డు మీద షటిల్ బస్సులు తిప్పుతారు, సొంత బండిని పోనివ్వరు. జనవరిలో బస్సులు ఆగిపోయాక మీ బండిలోనే లోయ చివరిదాకా వెళ్ళొచ్చు. గ్రాండ్ కాన్యన్‌లో హెర్మిట్ రోడ్డు కూడా అంతే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే సొంత బండ్లకు తెరుస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు బస్సు కోసం చలిలో నిలబడక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు.

బ్రైస్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని అంచు ఎనిమిది వేల అడుగుల పైన ఉంటుంది. జనవరి రాత్రి సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం అక్కడ మామూలే. మంచు కప్పిన ఆ ఎర్రటి శిలల అందం నాకూ తెలుసు. కానీ దానికోసం ఇంకో రాత్రి బస, మంచు రోడ్డు మీద ఇంకో రెండొందల మైళ్ళు కలుస్తాయి. అయిదు రోజుల్లో అది ఇమడదు.

మొదటి రోజు ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా సౌత్ రిమ్, అంటే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు. నార్త్ రిమ్ రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది, ఎవరైనా చెప్పినా అటు చూడకండి. రాత్రికి పార్కు గేటు దగ్గరి టూసాయన్‌లో గానీ, గంట దూరంలో ఇంకాస్త చౌకగా దొరికే విలియమ్స్‌లో గానీ ఉండండి. రెండో రోజు డెజర్ట్ వ్యూ రోడ్డు మీదుగా పేజ్. మూడో రోజు పొద్దున యాంటిలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్ చూసుకుని సాయంత్రానికి కనాబ్. అక్కడ హోటల్ కాకుండా వంటిల్లున్న ఇల్లు రెండు రాత్రులకు తీసుకోండి. జయాన్ గుమ్మంలో ఉన్న స్ప్రింగ్‌డేల్ కంటే కనాబ్‌లో బస చౌక. పార్కు తూర్పు గేటు 30 మైళ్ళు. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళండి. చలికాలంలో ఆ చిన్న ఊళ్ళలో చాలా రెస్టారెంట్లు మూసేసి ఉంటాయి, మీ నాన్నగారికి రాత్రి పూట వేడన్నం, పచ్చడి దొరకడం డబ్బు లెక్కలోనూ లాభమే. సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, రోడ్ల మీదికి జింకలు వస్తాయి. అయిదింటికల్లా బస చేరేలా చూసుకోండి.

పార్కు రుసుము దగ్గర చాలామంది పాత లెక్కలు చెబుతున్నారు. ఒక్కో పార్కుకు బండికి 35, ఏడాది పాస్ 80, ఇది అమెరికా నివాసులకు. 2026 జనవరి 1 నుంచి నివాసులు కానివారికి, 16 ఏళ్ళు నిండితే, గ్రాండ్ కాన్యన్, జయాన్ సహా 11 పార్కుల్లో మనిషికి అదనంగా 100 డాలర్లు పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన మీ అమ్మానాన్నలకు రెండు పార్కులకు అదే 400. నివాసులు కానివారి ఏడాది పాస్ 250. నాన్నగారి పేరు మీద అది తీసుకుంటే బండి మొత్తానికి సరిపోతుంది. మీవారి అరిజోనా లైసెన్సు మీద 80 డాలర్ల పాస్ కొంటే అదే బండిలో ఉన్న పెద్దవాళ్ళకూ చెల్లుతుందా అని బయల్దేరే ముందు పార్కు వాళ్ళనే అడగండి. చెల్లుతుందంటే 170 మిగిలినట్టు. బడ్జెట్‌లో మాత్రం 250 రాసుకోండి.

ఏ పాసూ యాంటిలోప్‌లో పనికిరాదు. అది నవాహో ఆదివాసుల భూమి, వాళ్ళ రుసుము వేరు, గైడు లేకుండా లోపలికి పంపరు. 1997 ఆగస్టులో ఎక్కడో ఎగువన కురిసిన వానకు వరద వచ్చి ఆ సన్నటి లోయలో 11 మంది చనిపోయారు. కింది కాన్యన్‌లో నిటారు ఇనుప మెట్లు దిగాలి, పెద్దవాళ్ళతో ఎగువ కాన్యన్‌కే వెళ్ళండి. ఫోటోల్లో కనిపించే వెలుగు స్తంభాలు ఎండాకాలం సంగతి, జనవరిలో ఉండవు, నాన్నగారికి ముందే చెప్పండి. హార్స్‌షూ బెండ్‌లో పార్కింగ్‌కు పేజ్ ఊరివాళ్ళు బండికి 10 డాలర్లు తీసుకుంటారు. చలికాలంలో అరిజోనాకూ, నవాహో వాళ్ళకూ, యూటాకూ గడియారం ఒకటే. ఎండాకాలంలోలా ఫోను గంట ముందుకూ వెనక్కూ దూకి టూర్ తప్పిపోయి టికెట్ డబ్బు పోయే బాధ లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ఖర్చు. మీ స్నేహితుల ప్లాన్‌లో అదే లేదు.

నాలుగేళ్ళ కిందట జనవరిలో మేమూ మా అత్తగారిని తీసుకుని సౌత్ రిమ్ వెళ్ళాం. స్వెటర్, దాని మీద శాలువా, తలకు మంకీ క్యాప్, కాళ్ళకు హైదరాబాద్‌లో కొన్న వాకింగ్ షూ. ఎండ పడే చోట దారి పొడిగా ఉంది. చెట్టు నీడ పడే చోట నాలుగడుగుల మేర మంచు గాజులా గట్టిపడి ఉంది, రంగు కూడా నేలలాగే. రెండడుగులు వేశారు, జారారు, చెయ్యి ఆనించి పడ్డారు. లేచి కూర్చుని ముందు వెతుక్కున్నది కళ్ళద్దాలు. మణికట్టు విరిగిందని మాకు తెలిసింది కారెక్కాక. ఎమర్జెన్సీ, ఎక్స్‌రేలు, కట్టు అన్నీ కలిపి వచ్చిన బిల్లులో మేం కొన్న బీమా ఆరో వంతు కూడా ఇవ్వలేదు. చౌకగా ఉందని ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీ తీసుకున్నాం. అందులో ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని పట్టిక ఉంటుంది, బిల్లు ఎంతయినా అంతే. ఇతరులకు డబ్బు గురించి చెప్పే నేను ఆ పట్టిక చదవలేదు. అత్తగారు ఆ తర్వాత వారం రోజులు నొప్పి గురించి కాదు, మా డబ్బు గురించి బాధపడ్డారు. నేను మరిచిపోలేనిది అదే.

అందుకని ఈ రాత్రే మీ అమ్మానాన్నల పాలసీ తీసి చూడండి. అది ఫిక్స్‌డా, కాంప్రిహెన్సివా? కాంప్రిహెన్సివ్ అయితే డిడక్టిబుల్ (ముందు మనం కట్టుకోవాల్సిన వాటా) పోను బిల్లులో ఎక్కువ భాగం పాలసీ పరిమితి దాకా కడుతుంది. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు హఠాత్తుగా ఏదైనా జరిగితేనే కవర్ ఉంటుంది, దానికి వయసు హద్దు కూడా ఉంటుంది, 67కి వర్తిస్తుందో లేదో చదవండి. అంబులెన్సుకు, హెలికాప్టర్‌కు ఎంత ఇస్తారో చూడండి. ఆ ప్రాంతంలో పెద్ద గాయమైతే ఫ్లాగ్‌స్టాఫ్ దాకా గాల్లోనే తీసుకెళ్ళాల్సి రావచ్చు, ఆ ఒక్క బిల్లే పదుల వేల డాలర్లలో ఉంటుంది. పాలసీ మార్చాలంటే ప్రీమియం ఎక్కడినుంచి తేవాలంటారా? యాంటిలోప్ టూర్ మానేయండి, బీమా మాత్రం మానొద్దు. షూలకు తొడుక్కునే ఇనుప పళ్ళ రబ్బరు పట్టీలు జత పాతిక డాలర్లకు దొరుకుతాయి. పెద్దవాళ్ళు నలుగురికీ కొనండి.

బండి సంగతి. కామ్రీ లాంటి మామూలు కారులో అయిదుగురు పడతారు గానీ, చలి బట్టలతో ఆరు గంటలు మధ్య సీటులో ఎవరు కూర్చుంటారు? మినీవ్యాన్ అద్దెకు తీసుకోండి, పెద్ద ఫోర్‌వీల్ బండి అక్కర్లేదు. తీసుకునే ముందు మీ సొంత కారు బీమా కంపెనీకి ఒక ఫోన్ చేసి, అద్దె బండికీ నా పాలసీ వర్తిస్తుందా, యూటాలో కూడానా అని అడగండి. వర్తిస్తుందంటే కౌంటర్‌లో రోజుకు 25, 30 డాలర్లకు అంటగట్టే డ్యామేజ్ వేవర్ (అద్దె బండికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మన మీద పడకుండా కట్టేది) చాలావరకు అనవసరం. క్రెడిట్ కార్డు కూడా బండి డ్యామేజ్ కవర్ ఇస్తుంటుంది, కానీ అద్దె అదే కార్డుతో కట్టాలి. ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఆ కవర్ ఉండదు, దానికి మీ పాలసీయే దిక్కు. మట్టిరోడ్డు ఎక్కితే అద్దె ఒప్పందం తప్పినట్టే. మాన్యుమెంట్ వ్యాలీ లోపలి 17 మైళ్ళ దారి అలాంటిదే. ఎవరైనా ఊరించినా వెళ్ళకండి.

గదులన్నీ డబ్బు వాపసిచ్చే షరతు మీదే బుక్ చేయండి, పది డాలర్లు ఎక్కువైనా సరే. ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు, మంచు తుపాను పట్టిందంటే ఐ-17 హైవే మూసేస్తారు. 2024 ఆగస్టు చివర్లో నీటి గొట్టం పగిలి సౌత్ రిమ్ హోటళ్ళలో రాత్రి బసలే ఆపేశారు. వాతావరణం బాగాలేకపోతే వారం వాయిదా వేసుకోగలగాలి. డబ్బు పోతుందేమోనన్న భయంతో మంచులో బండి తీయకూడదు.

నేను వేసిన లెక్క ఇది: బసలు 760, మినీవ్యాన్ 420, గ్యాస్ (పెట్రోలు) వెయ్యి మైళ్ళకు 170, పాస్ 250, యాంటిలోప్, హార్స్‌షూ కలిపి 410, తిండి 300, షూ పట్టీలు 100, రోడ్డు మూస్తే ఇంకో రాత్రి ఆగడానికి 300. మొత్తం 2,710. ఆ చివరి 300 ఖర్చు కాకపోతే తిరిగొచ్చిన రోజే కార్డు బాకీకి కట్టేయండి.

నాన్నగారి మాట తోసిపుచ్చకండి. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీ తగ్గుతుంది, ఇండియా కార్డు ఇక్కడ గీస్తే మార్పిడి రుసుము పడుతుంది, అవన్నీ నిజమే. కానీ కూతురింట్లో ఆరు నెలలున్న తండ్రికి చెయ్యి పెట్టాలని ఉంటుంది. ప్యాంటు లోపలి జేబులో తెచ్చుకున్న డాలర్లు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. రెండో రోజు దారిలో కామెరాన్ దగ్గర నవాహో వాళ్ళు చేసిన వెండి నగలు అమ్ముతారు. అమ్మగారికి ఒక ఉంగరం ఆయన్నే కొనమనండి. పేజ్‌లో ఒక పూట భోజనం బిల్లు కూడా ఆయన చేతికే ఇవ్వండి.

తిరిగొచ్చాక నెలకు 1,300 చొప్పున కడితే మిగిలిన బాకీ మార్చిలో తీరిపోతుంది. ఏప్రిల్ జీతం వచ్చాక మళ్ళీ రాయండి, రెండు నెలల ఖర్చు మీద నిలబడి ఉన్న ఆ 11,000ని ఆరు నెలలకు ఎలా పెంచాలో అప్పుడు చూద్దాం.